నీళ్ళు కట్టేసిన చెయ్యి

మైకును గేటు బయటికి గెంటిన పొద్దున మేమంతా అక్కడే ఉన్నాం. ఎవరి పార వాళ్ళ చేతిలోనే ఉంది. ఒక్కరమూ అడుగు ముందుకు వెయ్యలేదు.

పలుగురాయిని పిండి చేసే మర ఎంత గోల చేసినా అతని కేక దాని మీదుగా వినపడేది కనక అతన్ని మైకు అనేవాళ్ళం. ఆ మనిషి ఇప్పుడు మాటకీ మాటకీ మధ్య ఆగి గాలి వెతుక్కుంటున్నాడు. అతనిది టీబీ అనీ, బీడీలు తాగి తెచ్చుకున్నాడనీ, నలుగురికీ అంటించకముందే పొమ్మనీ కాంట్రాక్టరు అన్నాడు. మైకు జన్మలో బీడీ ముట్టలేదు. ఆ సంగతి బాగా తెలిసినవాడు కాంట్రాక్టరు పక్కనే నిలబడి ఉన్నాడు. అతను మా మేస్త్రీ, మైకు అక్క మొగుడు. బామ్మర్దిని చెయ్యి పట్టుకుని ఈ పనిలోకి తెచ్చిందీ అతనే. తల వంచుకున్నాడు గాని నోరు విప్పలేదు.

రాయి పడేచోట దుమ్ము లేవకుండా నీళ్ళు చిమ్మే గొట్టం ఉంది. నీళ్ళు చిమ్మితే పిండి ముద్దకడుతుంది, జల్లెడ దిగదు, బస్తాలు తగ్గుతాయి. అందుకని మిల్లు యజమాని మాట మీద మేస్త్రీ రోజూ ఆ గొట్టం కట్టేసేవాడు. తనిఖీ ఉందంటే విప్పేవాడు. ఇది మాకు తెలియని సంగతేం కాదు. మా కూలి బస్తాల లెక్కన. తడిపిండి మాకూ నష్టమే. ముక్కుకు గుడ్డ చుట్టుకుని ఊరుకున్నాం.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ మైకు ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తిపట్టి చూసింది. ఇది టీబీ కాదంది. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని గట్టిపడిపోయిందనీ, లోపలికి పోయింది ఇక బయటికి రాదనీ చెప్పింది. ఆ మిల్లులో పనిచేసే వాళ్ళందర్నీ ఒకసారి తీసుకురమ్మంది. మాలో ఎవరమూ వెళ్ళలేదు. భయం.

మేస్త్రీ బామ్మర్దిని చూడబోయాడు. పడుకుంటే ఊపిరాడక మైకు గోడకి దిండు ఆనించుకుని కూర్చున్నాడు. మేస్త్రీ గడప దాటకుండానే, నీ ప్రాణం నా చేతుల్తోనే తీశానురా అని గొణిగాడు.

"కూర్చో బావా," అన్నాడు మైకు. "నువ్వు కట్టేస్తుంటే నేను చూళ్ళేదా? పోనీలే... ఇంకో బస్తా ఎక్కువ పడుతుంది అనుకున్నా." ఊపిరి కూడదీసుకున్నాడు. "ఏడవటానికైతే రాకు. అందరి ముందూ చెప్పటానికైతే... రా."

ఆ సంగతి తెలిసిన రోజు నుంచి మైకు అక్క మొగుడికి అన్నం పెట్టటం మానలేదు, మాట్లాడటం మానేసింది. మేస్త్రీ మాత్రం రోజూ పనికి వస్తూనే ఉన్నాడు, గొట్టం కట్టేస్తూనే ఉన్నాడు. కట్టేసి, ఆ చెయ్యి పంచెకు తుడుచుకునేవాడు.

వానలు పడకముందే మైకు పోయాడు.

అతని ఇంటిముందు వీధిలోనే మీటింగు పెట్టుకున్నాం. మేస్త్రీ వచ్చి మధ్యలో నిలబడి, జరిగిందంతా చెప్పాడు. తెలిసిన సంగతే అయినా ఒకరి నోట వినేసరికి అందరికీ ఒళ్ళు మండింది. రాయికి బెజ్జాలు వేసే డ్రిల్లరు లేచి, ముందు వీడి కాళ్ళు విరగ్గొట్టాలన్నాడు. మేస్త్రీ కదల్లేదు. కొడితే బాగుండునన్నట్టు ఉన్నాడు.

అప్పుడు మైకు భార్య బయటికి వచ్చింది. మా మిల్లులోనే బస్తాల మూతులు కుట్టే మనిషి.

"కొట్టండి. మీ కసి తీరుతుంది. రేపు ఇంకో మేస్త్రీ వస్తాడు, వాడూ కట్టేస్తాడు. బస్తాకింత అని కూలి ఇచ్చినన్నాళ్ళూ, వాడు మర్చిపోతే మీరే గుర్తు చేస్తారు."

డ్రిల్లరు కూర్చున్నాడు. ఆ తర్వాత వాదులాట పొద్దు వాలేదాకా సాగింది. రోజుకూలి అంటే పస్తులే అన్నవాళ్ళున్నారు. ఊపిరే లేనివాడికి పస్తు లెక్కేమిటని తిట్టినవాళ్ళున్నారు. చివరికి ఒక మాట మీదికి వచ్చాం. నీళ్ళు ఆగకూడదు. కూలి రోజు లెక్కన ఇవ్వాలి. అందరికీ ఎక్స్‌రే తీయించాలి. మైకును చంపిన జబ్బును టీబీ అనకూడదు.

మేం గొడవ చేయగా చేయగా తనిఖీ ఆఫీసరు వచ్చాడు. ఆయన వచ్చేసరికి గొట్టం జోరుగా చిమ్ముతోంది. ఇది రోజూ ఇలాగే నడుస్తుందా అని ఆయన మేస్త్రీని అడిగాడు. యజమాని అతని భుజం మీద చెయ్యి వేశాడు.

మేస్త్రీ ఆ చెయ్యి తీసేశాడు. "లేదు సార్. రోజూ నేనే కట్టేశాను. ఈయన కట్టమన్నాడు."

తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నాడనీ, ఇదంతా వాడి సొంత నిర్వాకమనీ, తనకేమీ తెలియదనీ యజమాని అన్నాడు. పాము చావకుండా, కర్ర విరగకుండా చూడటం ఆఫీసరుకు అలవాటు. తప్పంతా మేస్త్రీదేనని తేల్చాడు. కాసేపటికి పోలీసు జీపు వచ్చింది. మేస్త్రీ బరువు దించుకున్నవాడిలా వెళ్ళి ఎక్కాడు. నిజం చెప్పాలంటే మాకూ తేలికపడ్డట్టే అనిపించింది. ఒక్కడు మోసుకుపోతే మన తప్పూ వాడితోనే పోతుంది గదా.

మైకు భార్య జీపుకు అడ్డంగా నిలబడింది.

"దిగు అన్నయ్యా," అంది. "నిన్ను నేను క్షమించలేదు. క్షమించను కూడా. కానీ నువ్వొక్కడివే జైలుకెళ్ళి నిమ్మళంగా ఉంటానంటే కుదరదు. కట్టమన్నవాణ్ణి కూడా ఎక్కించమను. అందాకా ఈ బండి కదలదు."

చెప్పి, మట్టిలో చతికిలబడింది. ఆమె పక్కన ముందుగా కూర్చున్నది డ్రిల్లరు. తర్వాత ఆడవాళ్ళు, తర్వాత లోడింగు వాళ్ళు. పోలీసులు లాఠీలు తీశారు. ఒకరి భుజం మీద ఒకరం చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాం. లోపల మర నడిపేవాడు స్విచ్చి కట్టేసి, తనూ వచ్చి కూర్చున్నాడు.

మర ఆగింది. ఆ చప్పుడు పోయాకగాని, మాలో ఎంతమందిమి దగ్గుతున్నామో మాకు వినపడలేదు. దగ్గుతూనే కూర్చున్నాం.