ఐదు పాయింట్ పది

నా కూతురు పొట్టిదట. ఆ మాట అన్న గుమాస్తా కుర్చీలో కూర్చుని ఉంటే, అది బల్ల ముందు నిలబడి అతని నడినెత్తి చూస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇది ఎదిగాక మా ఇంట్లో బూజుకర్ర కొన్న పాపాన పోలేదు.

అగ్నిమాపక దళంలో ఉద్యోగాలకు ఎంపిక జరుగుతోంది. పరుగులోనూ, తాడు ఎక్కడంలోనూ, నీళ్ళ గొట్టం మోయడంలోనూ మా అమ్మాయే ముందు. పక్క గదిలో ఎత్తు కొలిచి చీటీ ఇచ్చారు. చీటీలోని అంకెను గుమాస్తా కంప్యూటర్‌లో కొట్టగానే తెర ఎర్రబడింది. వచ్చే నెలకు దీని వయసు దాటిపోతుంది. మళ్ళీ రావడానికి లేదు.

"కనీసం ఐదు పాయింట్ రెండు ఐదు అడుగులుండాలమ్మా. మీ అమ్మాయిది ఐదు పాయింట్ ఒకటి సున్నా. కంప్యూటర్ ఒప్పుకోవట్లేదు."

"దానికి కళ్ళు లేవు సరే, మీకున్నాయిగా? ఒకసారి పైకి చూడండి!"

చూశాడు. అయినా, "చీటీలో ఉన్నదే నేను కొట్టాలి," అన్నాడు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం.

చీటీ లాక్కున్నాను. 5.10 అని ఉంది. ఐదడుగుల పదంగుళాలకు మధ్యలో చుక్క పెట్టి పారేశారు మహానుభావులు! ఇరవై రెండేళ్ళుగా బట్టలు కుడుతున్నాను. అడుగుకి పన్నెండంగుళాలని నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

"బాబూ, చుక్క తర్వాత వచ్చేవి పదో వంతులు. అంగుళాలు పన్నెండో వంతులు. మీరడిగింది ఐదుంబావు, అంటే ఐదడుగుల మూడంగుళాలు. ఇది ఇంకో ఏడంగుళాలు ఎక్కువే ఉంది. ఇందాక దీని గడ్డం దాకా వచ్చే పిల్ల 5.4 చీటీతో పాసైపోలేదూ?"

గుమాస్తా గొంతు తగ్గించాడు. "గొడవెందుకమ్మా, 5.3 అని వేసేస్తాను. పాసైపోతుంది. ఎవరికీ తెలీదు."

అబద్ధం చెప్పడమెందుకు, ఉద్యోగం వస్తే చాలనిపించింది నాకు. నోరు మూసుకున్నాను. మా అమ్మాయి మాత్రం బల్ల మీది కలం అందుకుంది.

"దొంగ ఎత్తు నాకొద్దండీ. రేపెవరైనా మళ్ళీ కొలిస్తే ఊడేది నా ఉద్యోగం."

చీటీ వెనక పదిని పన్నెండుతో భాగించింది. సున్నా పాయింట్ ఎనిమిది మూడు, ఆపైన ఎంత చేసినా మూడులే. రెండంకెల దగ్గర ఆపి, ముందు ఐదు చేర్చి 5.83 అని రాసిచ్చింది. గుమాస్తా కొట్టాడు. తెర పచ్చబడింది. అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పద అమ్మా, వెళ్దాం."

వెళ్ళాల్సిందే. కానీ నా కోపం చల్లారలేదు.

"పోయినేడు కూడా ఇలాగే కొట్టావా?" అన్నాను. మర్యాద ఎప్పుడు జారిపోయిందో నాకే తెలీదు.

అతను గబుక్కున బల్ల మీదున్న రిజిస్టరు మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తోసేసి పోయినేటి పేజీలు తిప్పాను. ఒకచోట 5.11, ఎదురుగా ఎర్ర సిరాతో 'ఎత్తు చాలదు'. కింద 5.10, అదే మాట. ఇద్దరి పేర్ల పక్కనా 'చివరి అవకాశం' అని ఉంది.

"వీళ్ళని పొట్టివాళ్ళని ఇంటికి పంపేశావా?"

"వాళ్ళ తరఫున ఎవరూ అరవలేదమ్మా," అన్నాడు.