మొలతాటి తాళంచెవి

మా ఆయన పంచెకి పట్టిన పొగ వాసన మూడుసార్లు ఉతికినా పోలేదు. నాలుగోసారి బండకేసి బాదుతుంటే అరుగు మీంచి ఆయన గొంతు వినిపించింది. తమిళ పేపరు చదువుతున్నాడు. వీధిలో సగం మంది వార్తలు మా అరుగు మీదే వింటారు. నేను వినాలంటే మాత్రం చేతిలో ఏదో ఒక పని ఉండాలి.

మా విరుదునగరంలో దూది మిల్లు తగలబడిందనీ, ఏడుగురు ఆడకూలీలు పోయారనీ, భయంతో తొక్కులాడుకుని తలుపు వాళ్లే మూసుకున్నారనీ చదివాడు. గొంతు సర్దుకుని, "చూస్తిరా, పేపరులోనే ఏసుండారు," అన్నాడు.

ఏడుగురిలో ఒక్కరికీ పేరు వేయలేదు. అందులో ఒకతె పొన్నుతాయి. పొద్దున మిల్లుకి పోతూ మా పెరటి గుమ్మంలో ఆగి చెంబెడు నీళ్లు తాగేది. ఆయన పంచె మడతలోంచి రాలిన పత్తి విత్తనం ఒకటి మా పెరట్లో మొలిచింది. మొదటి పువ్వు పసుపుగా పూసిన రోజున, "రేపు చూడుక్కా, ఎర్రగా అయిపోతాది," అంది. మర్నాడు నిజంగానే ఎర్రబడింది. కోవిల్‌పట్టి నల్లరేగడిలో పత్తి ఏరుతూ పెరిగినదాన్ని, ఒక పువ్వుని రెండో రోజు ఆగి చూసే తీరిక నాకు ఎవరిచ్చారు గనక? ఆమె పోయిన మూడో రోజు, అంటే ఈ పొద్దున, ఆ చెట్టు మళ్లీ పూసింది. నాకు సంతోషం కలిగింది. కలిగినందుకు సిగ్గేసింది. అయినా చూడకుండా ఉండలేకపోయాను.

తలుపు ఎవరు మూశారో నాకు తెలుసు. ఆయన ఆ మిల్లులో మేస్త్రీ. ఆడవాళ్లు చీర మడతల్లో దూది దాచుకుపోతారని బయట తాళం వేసి, తాళంచెవి మొలతాటికి కట్టుకుని, మధ్యాహ్నం తిండికి ఇంటికొస్తాడు. వాళ్లు లోపలే గంజి తాగాలి. ఆ రోజూ అలాగే వచ్చాడు. సజ్జసంగటి తిని లేవబోతుంటే, ఇంకో ముద్ద తినమని కూర్చోబెట్టింది నేనే. చేతికి నీళ్లు పోస్తుండగా మిద్దెల పైన పొగ కనిపించింది. ఆయన మిల్లుకి పరుగెత్తి తాళం తీసేసరికి అంతా అయిపోయింది.

అరుగు ఖాళీ అయ్యాక ఆయన పెరట్లోకొచ్చాడు. "మాపటికి విచారణకి ఆఫీసరు వస్తాడంట. ఆ దినమంతా నేను మిల్లులోనే ఉంటినని చెప్పు. అంతకుమించి నోరు తెరవొద్దు."

"అది యాడ తెరుస్తాదిరా," అంది అత్త, వక్క నములుతూ. "పద్దెనిమిదేండ్లలో మొగుడి పేరే ఎత్తలేదు. ఎత్తితే మొగుడికి ఆయుసు తగ్గునని భయం దానికి."

నిజమే. జనాభా లెక్కల గుమాస్తా వచ్చినప్పుడు కూడా నా మొగుడి పేరు పక్కింటి గోవిందమ్మాళ్ చెప్పింది. మాలో అంతే, ఒకరి మొగుడి పేరుకి ఇంకొకరు నోరు అరువిస్తారు.

సాయంత్రం ఆఫీసరు మా అరుగు మీదే కూర్చున్నాడు. వీధిలో పొన్నుతాయి తల్లి పాపమ్మాళ్ కూతురి గంజిచెంబు పట్టుకుని నిలబడింది. చెంబు నల్లగా మాడి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే మగవాళ్లందరూ నేల చూశారు. ఆయన కూడా. నేను గుమ్మం దాటి ముందుకొచ్చాను.

"ఆ దినం తిండికి ఇంటికొచ్చినాయన మొలతాటికి ఉండింది," అన్నాను.

"ఎవరాయన?"

ఆడవాళ్లు మొగుడి పేరు చెప్పరని ఆఫీసరుకీ తెలుసు. వెంటనే గోవిందమ్మాళ్ వైపు తిరిగాడు. ఈసారి ఆమె తల వంచుకుంది. లోపల్నుంచి అత్త "ఏమే" అని పిలిచింది. నేను పాపమ్మాళ్ చేతిలోని చెంబునే చూస్తూ నోరు తెరిచాను.

"చెల్లసామి."