తాళం వేసిన గది

చినారా ఆ బడికంతటికీ ఒకే ఒక్క కౌన్సెలర్. ఏడుస్తూ వచ్చిన పిల్లని కూర్చోబెట్టి, టీ పోసి, నోరు విప్పేదాకా ఓపిక పట్టడం ఆమె పని. ఆ ఉద్యోగం వేయించింది ఉమ్సునాయ్ ఎజే. పేరుకి హెడ్మాస్టరు వేరే ఉన్నాడు గానీ, ఏ టీచరు ఏ క్లాసుకి పోవాలో తేల్చేది ఆవిడే. చిన్నప్పుడు చినారా చేత అక్షరాలు దిద్దించిందీ ఆవిడే. అలాంటి ఎజేకి, అంటే పెద్దక్కకి, ఎదురు చెప్పడం నరిన్ కొండల్లో పుట్టినవాళ్ళ వల్ల అయ్యే పనేనా?

చలి మొదలవుతుండగా లెక్కల మాస్టారు రష్యా వెళ్ళిపోయాడు. ఆయన చోట్లోకి ఎవరూ రాలేదు.

"చినారా, నా బంగారం కదూ, ఈ వారం ఏడో తరగతి కాస్త చూసిపెట్టవే. బెంచీలు విరగ్గొడుతున్నారు వెధవలు," అంది ఉమ్సునాయ్.

"నాకు లెక్కలెక్కడొచ్చు ఎజే?"

"చదవడం వచ్చుగా! పుస్తకం తెరిచి చదువు. నా కోసం."

ఆ వారం కాస్తా చలికాలమంతా సాగింది. కౌన్సెలర్ గదికి తాళం పడింది. పిల్లలు వచ్చి తలుపు లాగి చూసి, వెనక్కి పోయేవాళ్ళు. గురువారం మధ్యాహ్నం మాత్రం చినారా ఎలాగోలా తాళం తీసేది, ఏడో తరగతి బెగిమాయ్ కోసం.

బెగిమాయ్ తల్లి మాస్కోలో గిన్నెలు తోముతుంది. పిల్ల మేనత్త ఇంట్లో ఉంటోంది. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు కొందరు దాన్ని బొగ్గుల షెడ్డు వెనక్కి లాక్కుపోయి కొడుతున్నారు. వాళ్ళ నాయకురాలు చరిత్ర చెప్పే దమీరా కూతురే. ఈ మాట బయటికి రావడానికి ఎన్ని గురువారాలు పట్టిందో! "ఎవరికీ చెప్పను," అని చినారా మాటిచ్చాకే పిల్ల నోరు విప్పింది.

ఒక గురువారం ఉమ్సునాయ్ ఆ గంట కూడా క్లాసుకి పొమ్మంది. చినారా బతిమాలింది. ఆవిడ వినలేదు. చివరికి గత్యంతరం లేక, తలుపు దగ్గరికి వేసి, ఉన్నదంతా చెప్పేసింది. చెప్పింది ఆ ఒక్క మనిషికే, తల్లిలాంటి మనిషికే.

ఉమ్సునాయ్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బల్ల మీది రొట్టె తుంచి నోట్లో వేసుకుంది. "ఈ రొట్టె మీద ఒట్టు. నా గడప దాటదు. నువ్వు పో, ఆ పిల్లని చూసుకో," అంది. చినారా పొంగిపోయింది. ఆ కృతజ్ఞతతో, అడక్కుండానే ఆరో తరగతి లెక్కలు కూడా నెత్తికెత్తుకుంది. పిచ్చిమాలోకం!

మంచు కరిగే రోజుల్లో, పిల్లలు ఇళ్ళకి పోయాక, టీచర్ల సమావేశం పెట్టారు. ఉమ్సునాయ్ లేచి నిలబడింది.

"పైవాళ్ళు కొత్త పోస్టు ఇవ్వరట. అందుకని కౌన్సెలర్ పోస్టునే లెక్కల పోస్టు చేసేద్దాం. చలికాలమంతా ఆ గదికి తాళమే కదా. ఎవరికైనా ఏమైనా లోటు వచ్చిందా?"

చినారాకి తన చెవుల మీద తనకే నమ్మకం పోయింది. "తాళం వేయించింది మీరే కదా ఎజే!"

"గురువారం తీశావుగా? ఒక్క పిల్ల కోసం! అదీ ఏమిటి, బెగిమాయ్ మన దమీరా కూతురి మీద చాడీలు చెప్పడానికి. ఆడపిల్లలన్నాక జుట్లు పట్టుకోరూ? దానికో పోస్టా?"

కొందరు నవ్వారు. దమీరా మొహం కందగడ్డలా అయింది. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. కొడుకు నిద్రలో ఉలిక్కిపడుతున్నాడని చినారా గదిలో కూర్చుని ఏడ్చిన భూగోళం టీచరు కూడా, తల వంచుకుని, ఎత్తింది. ఛీ, ఏం మనుషులు!

నడవలో చినారా ఆవిడకి అడ్డం నిలబడింది. "రొట్టె మీద ఒట్టేశారు!"

"ఊరుకోవే. నిన్ను తీసేశానా? రేపట్నించి నువ్వే లెక్కల టీచరువి. మరి పిల్లలకి లెక్కలు అక్కర్లేదా? నేనెక్కణ్ణుంచి తేను మాస్టార్లని, సంతలోంచా?"

ఆవిడ చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అదే చినారా కడుపు మండించింది. నిజంగానే లెక్కలు చెప్పే దిక్కు లేదు, నిజంగానే తనే ఆ గది తాళం వేసి ఆవిడకి సాక్ష్యం తయారుచేసి ఇచ్చింది. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. దమీరాతో కూతురి సంగతి ఎత్తబోయేలోపే ఆమె వడివడిగా గేటు దాటి వెళ్ళిపోయింది. చినారా పరుగున బెగిమాయ్ మేనత్త ఇంటికి పోతే ఎవరూ తలుపు తీయలేదు.

మర్నాడు బెగిమాయ్ క్లాసులో చివరి బెంచీలో కూర్చుంది. పై పెదవి వాచింది. ఒక పక్క జడ చెవి దాకా కత్తిరించేసి ఉంది.

గంట కొట్టగానే చినారా దాని దగ్గరికెళ్ళింది. "ఎవరమ్మా? ఎప్పుడు? నాతో రా, గది తాళంచెవి ఇంకా నా దగ్గరే ఉంది."

పిల్ల పుస్తకాలు సర్దుకుంటూనే ఉంది. "మీరు ఎవరికీ చెప్పనన్నారు."

"ఒక్కరికేనే తల్లీ. ఆవిడ మనకి సాయం చేస్తుందనుకున్నా..."

"నేనూ ఒక్కరికే చెప్పాను."

చినారా చెయ్యి చాచింది. పిల్ల సంచీ భుజానికి తగిలించుకుని, ఆ చేతికి తగలకుండా పక్కకి తప్పుకుంది. ఏడవలేదు, గొంతు కూడా పెంచలేదు.

"మీరు లెక్కలు చెప్పండి ఎజే, చాలు," అని వెళ్ళిపోయింది.