యోబు దూకుడు

యోబు ఎడమ మూలలో నిలబడి ఉన్నాడు, సన్యాసిరావు ఎప్పటిలాగే అతని పక్కన, అతని చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరి కాళ్ళ కింద ఉన్నది కబడ్డీ మ్యాటో భీమిలి ఒడ్డున తడి ఇసకో తెలియడం లేదు. చూస్తే నీలం మ్యాటే, అడుగు కదిపితే మాత్రం మడమ కింద ఇసక జారి నీళ్ళు ఊరుతున్నాయి. యోబు కామెర్లతో పోయి పది నెలలైందని సన్యాసిరావుకు తెలుసు. తెలిసినా అదిప్పుడు ఎత్తవలసిన సంగతిలా అనిపించడం లేదు, ఎందుకంటే అవతలి కోర్టులోంచి కూత మొదలైంది.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

కూత ఉంది గాని కూతకొచ్చిన మనిషి లేడు. నడిగీత దాటి ఇసకలో పాదాల అచ్చులు మాత్రం ఒకటి తరవాత ఒకటి పడుతున్నాయి, ఒక్కో అచ్చులో నీళ్ళు నిండుతున్నాయి, మళ్ళీ ఇంకొకటి.

"కంగారు పడకురా సన్నాసీ," అంటున్నాడు యోబు. "ఆడికి దమ్ము ఆగదు. మనకి మాటాడుకోడానికి టైముంది."

సన్యాసిరావు అతని ముఖం చూడాలనుకుంటాడు. ఎంత మెడ తిప్పినా చెవీ, దవడ ఎముకా తప్ప కనిపించడం లేదు. ఒళ్ళు మాత్రం మునుపటి కంటే లావుగా, దళసరిగా ఉంది, ఎందుకా అని చూస్తే యోబు ఒకదాని మీద ఒకటి జెర్సీలు వేసుకుని ఉన్నాడు.

"ఇవేటి?"

"నీవే. ఎలాగుంటాదో సూద్దామని ఏసుకున్నాను."

పట్టుకున్న చెయ్యి వదలకుండానే రెండో చేత్తో యోబు పైనున్న ఎర్ర జెర్సీ తీస్తున్నాడు, అదెలా కుదురుతోందో గాని తీసేస్తున్నాడు, తీసిన జెర్సీ కిందపడగానే చోటు మారిపోతోంది. ఇప్పుడిది రాంచీ, సీజనంతా బయట బెంచీ మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్న రాంచీ. యోబు పోయిన కబురు ఫోన్‌లోకి వచ్చింది ఆ బెంచీ మీదే, ఆ రోజు తనని ఆడించరని తెలిసి కూడా, బయల్దేరకుండా కూర్చుండిపోయింది ఆ బెంచీ మీదే. నారింజ రంగుది తీస్తే సూరత్, మోకాలికి పట్టీ కట్టుకుని రెండేళ్ళు నెట్టుకొచ్చిన చోటు. పచ్చది తీస్తే భోపాల్, ఒకే ఆటలో నలుగురిని పట్టేస్తే మర్నాడు పేపర్లో పేరు తప్పు పడిన ఊరు. తరవాత కోచి, తరవాత నాగపూర్, తడిబట్టలు వేలాడే హాస్టల్ వసారా, ఆ బట్టల నుంచి నేల మీద పడుతున్న చుక్కల చప్పుడులో కూడా అదే కూత. ఎనిమిది సీజన్లలో ఐదు జట్లు. లీగు వేలంలో సన్యాసిరావు పేరు ఎప్పుడూ ఆఖర్నే వచ్చేది, హాల్లో సగంమంది టీకి లేచిపోయాక. ఈ ఏడు ఆఖర్న కూడా రాలేదు.

కిందపడిన జెర్సీలన్నీ బోర్లా పడి ఉన్నాయి. ఒక్కదాని వీపు మీద కూడా తన పేరు లేదు. అన్నిటి మీదా యోబు అనే ఉంది.

"నువ్వు ఆడినదంతా నా మూలలోనే కదా," అంటున్నాడు యోబు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు.

అడుగున ఒక్క జెర్సీ మిగిలింది. పదేళ్ళ కిందటిది, వాళ్ళిద్దరూ కంపెనీ జట్టుకి ఆడిననాటి తెల్ల జెర్సీ. అది యోబు తీయడం లేదు. తీయకుండానే చోటు కాకినాడ అయిపోయింది, ఫైనల్ ఆట, లీగు వాళ్ళు కుర్రాళ్ళని ఎంచుకోడానికొచ్చి ముందు వరసలో కూర్చున్న రోజు. కుర్చీలు ఉన్నాయి, వాటిలో మనుషులూ ఉన్నారు, అందరూ వీపులు ఇటు తిప్పి కూర్చున్నారు.

"సెప్పు," అంటున్నాడు యోబు. "ఆ రోజు ఏటయింది?"

"నీకు తెలీదా?"

"నాకు తెలుసు. నువ్వు సెప్పగా నాను ఇనలేదు."

పాదాల అచ్చులు బోనస్ గీత దాకా వచ్చేశాయి. సన్యాసిరావు నోరు తెరుస్తాడు, నోట్లో ఇసక ఉంది, దాన్ని మింగి చెప్పాలి. చేతులు పట్టుకుని నిలబడ్డ జంటలో ఎవరు ముందు దూకాలో, ఎప్పుడు దూకాలో వేళ్ళతోనే చెప్పుకునేవారు. రెండుసార్లు నొక్కితే దూకు, నీ వెనక నేనున్నాను అని. ఆ రోజు నొక్కింది తను. యోబు కూతకొచ్చినవాడి కాలి మీదికి దూకాడు, చీలమండ దొరకబుచ్చుకున్నాడు. ఆ క్షణాన తను వాడి నడుము మీద పడాలి. కూతకొచ్చినవాడు ఎద్దులా ఉన్నాడు, వాడి మోకాలు తన ముఖం ఎత్తున లేచింది, ముందు వరసలో లీగు వాళ్ళు ఉన్నారు, ఇప్పుడు దెబ్బ తగిలితే అంతా అయిపోతుంది.

"ఒగ్గీసినాను," అంటున్నాడు సన్యాసిరావు. "నీ సెయ్యి ఒగ్గీసి ఎనక్కి జరిగిపోనాను."

"మరి మన కోచ్ పర్వతీశం మాస్టారికి ఏటని సెప్పినావు?"

"యోబే తొందరపడి దూకీసినాడని."

కూతకొచ్చినవాడి బరువంతా యోబు ఒక్కడి మోకాలి మీద పడింది. ఆ మోకాలు ఇప్పుడు కూడా పక్కకే తిరిగి ఉంది, యోబు దాని మీదే నిలబడి ఉన్నాడు, అలా నిలబడడం వీలుకాదు.

"మోకాలు పోతే పోయింది," అంటున్నాడు యోబు. "ఆటో తోలుకున్నాను, నా పెళ్ళాం రూతూ నానూ బాగానే బతికినాం. కానీ నిన్న గ్రౌండులో ఆడపిల్లలకి నువ్వేటి సెప్పినావు?"

సన్యాసిరావుకు గుర్తుంది. జత కుదరకుండా ఒంటరిగా కాలి మీదికి దూకేవాళ్ళని జిల్లా అంతా అనే మాట ఒకటుంది. పర్వతీశం మాస్టారు ఎక్కడో మొదలెట్టారు, పదేళ్ళలో ప్రతి గ్రౌండుకీ పాకింది. నిన్న శిబిరంలో పిల్లలకి పట్టు నేర్పిస్తూ తను కూడా అన్నాడు. *యోబు దూకుడు దూకకండమ్మా.*

"సచ్చిపోనాక కూడా ఆ గ్రౌండుల్లోనే తిరుగుతున్నాన్రా. ఎవులో ఒకలు పిలుస్తానే ఉంటారు."

ఆఖరి అచ్చు సరిగ్గా వాళ్ళిద్దరి ముందు పడింది. సన్యాసిరావు చేతిని చల్లటి వేళ్ళు రెండుసార్లు నొక్కాయి. ఈసారి వదలకూడదు అనుకుంటాడు, బిగించి పట్టుకుంటాడు, చూస్తూ ఉండగానే తన వేళ్ళు తన మాట వినకుండా చిటికెన వేలి నుంచి ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి. అప్పుడు యోబు మొదటిసారి ఇటు తిరిగాడు. పెదవులు కదులుతున్నాయి. ఇంతసేపటి నుంచీ ఆ కూత వస్తున్నది యోబు నోట్లోంచే.

అతను కూత ఆపేశాడు.

"నా పేరు తీసీరా," అన్నాడు.

ఈల మోతకి సన్యాసిరావు కళ్ళు తెరిచాడు. పొద్దున్న పదకొండు దాటింది. విజయనగరం శిక్షణ శిబిరం, షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. ఎదురుగా మ్యాటు మీద ముప్పైమంది ఆడపిల్లలు నడుముల మీద చేతులు పెట్టుకుని రొప్పుతున్నారు. అప్పటిదాకా అందరిచేతా ఏకబిగిన కూత సాధన చేయించి, అప్పుడే ఈల వేసి ఆపారు పర్వతీశం మాస్టారు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఇంకా ఆయనే ఈల వేస్తారు.

"ఇప్పుడు పట్టు," అంటున్నారు మాస్టారు. "జత చెయ్యి నొక్కందే కదలొద్దు. తొందరపడి దూకితే దాన్నేమంటాం?"

"యోబు దూకుడు!" పిల్లలు ముక్తకంఠంతో అన్నారు, కొందరు నవ్వారు.

సన్యాసిరావు లేచాడు. మ్యాటు అంచున చెప్పులు విడిచి లోపలికి నడిచాడు.

"మాస్టారూ, ఆ మాట అనకండి. కాకినాడలో చెయ్యి నొక్కింది నేను. నొక్కి, వదిలేసింది కూడా నేనే. యోబు తొందరపడలేదు. మీకు నేను అబద్ధం చెప్పాను."

మళ్ళీ ఊదబోయిన మాస్టారి నోట్లో ఈల అలాగే ఉండిపోయింది. ముందు వరసలో ఉన్న పిల్ల ఒకతె, ఎడమ మూలలో ఆడేది, సూటిగా అడిగింది.

"మరెందుకు ఒగ్గీసినారు సార్?"

"బయమేసింది," అన్నాడు సన్యాసిరావు. చెప్పడానికి ఇంకా ఏదైనా ఉందేమో వెతుక్కున్నాడు. లేదు.

మాస్టారు ఈల తీసి, దాన్ని చొక్కాకి తుడిచి, జేబులో పెట్టుకున్నారు. మ్యాటు మీద కూలబడ్డారు. తలెత్తి చూశారు.

"ఆడి పేరు పదేళ్ళు నా నోటంట తిప్పించినావురా," అన్నారు. తరవాత, "ఆడి పెళ్ళాం నంబరుందా నీకాడ?"

"ఉంది."

"సెయ్. ఇక్కడే. ఈళ్ళందరూ ఇనాలి."

సన్యాసిరావు ఫోన్ తీశాడు. పది నెలలుగా ఆ నంబరు తెరవడం, మూయడమే చేశాడు. స్పీకర్ పెట్టి అరచేతిలో పట్టుకున్నాడు. పిల్లలు చప్పుడు చేయకుండా చుట్టూ చేరారు. ఆరో మోతకి అవతల ఎత్తారు. వెనక ఎవరో బట్టలుతుకుతున్న చప్పుడు.

"ఎవులూ?" అంది రూతమ్మ.

"నేను వదినా, సన్యాసిరావుని," అన్నాడు. "యోబు పక్కన ఆడేవోడిని."