పొయ్యికీ పాపకీ మధ్య నాలుగడుగులు

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం, పాప ఏడుస్తుంటే తనకు వినిపించకపోవడం. ఆ భయం అత్తగారి మేడలో పట్టుకుంది. వంటిల్లు కింద వెనకవైపు, పాప మేడమీద గదిలో. మధ్యలో మిక్సీ రొద, హాల్లో టీవీ. ఒకరోజు గిన్నెలన్నీ తోమి పైకి వెళ్లేసరికి పాప ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, నోరు తెరుస్తోంది గానీ చప్పుడు రావడం లేదు. "పిల్లన్నాక ఏడవదా?" అన్నారు అత్తగారు. అప్పటినుంచి కుళాయి కట్టేసి చెవులు రిక్కించడం, మళ్లీ తిప్పడం, మళ్లీ కట్టేయడం.

భర్త పనిచేసే ఫ్యాక్టరీ దూరమని ఈ ఒంటిగదిలోకి మారాక ఆమె ప్రాణం కుదుటపడింది. పొయ్యికీ ఉయ్యాలకీ నాలుగడుగులు. ఉల్లిపాయలు తరుగుతూనే కాలి బొటనవేలితో ఉయ్యాల ఊపొచ్చు. చీపురు పట్టుకుంటే కూనిరాగం సగంలో ఉండగానే ఇల్లు ఊడవడం అయిపోతుంది. తొమ్మిదో తరగతిలో చదువు మాన్పించినప్పటినుంచీ ఏదీ తన చేతిలో లేదనుకున్న మనిషికి, ఇక్కడ చెయ్యి చాపితే చాలు, అన్నీ అందుతున్నాయి.

అసలు తమాషా భర్తది. మేడలో తను తిన్న కంచం ఎటు పోయేదో అతను చూసిన పాపాన పోలేదు. ఇక్కడ చూడక చస్తాడా, మొహం తిప్పుకుంటే గోడ! మొదటి వారం ఆమె "కాళ్లెత్తండి" అంటూ తడిగుడ్డ పెడుతుంటే మంచమెక్కి కూర్చున్నాడు. రెండో వారం, "ఇలా తే, నేనే తుడుస్తా. నీ సతాయింపు కంటే అదే నయం" అన్నాడు.

ఇవాళ అత్తగారు వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇది ఇల్లా, అగ్గిపెట్టా? తుమ్మాలంటే బయటికెళ్లాలేమో!"

"కిటికీ తీస్తే సరిపోతుంది అత్తయ్యా, రండి."

కూర్చోగానే అసలు మాట బయటపెట్టారు. "వచ్చే ఆదివారం సామాను సర్దేయండి. వాడు రోజూ రైల్లో వెళ్లొస్తాడు. నువ్వొచ్చేశాక ఆరు గదులూ పెద్దకోడలే ఊడుస్తోంది. దానికేమో ఏడో నెల. మెట్లెక్కితే ఆయాసమట."

భర్త ఆమె వంక చూశాడు. మామూలుగా ఆ చూపు పడగానే ఆమె తలూపేసేది. తోటికోడలి ఆయాసం తలుచుకుంటే మనసు పీకింది. కానీ తను వెళ్తే ఊడ్చేవాళ్లు ఇద్దరవుతారు గానీ గదులు తగ్గవు కదా!

"మేం రాం అత్తయ్యా. అక్కనే ఇక్కడికి పంపండి. కాన్పయ్యేదాకా ఉంటుంది."

"ఎక్కడ పడుకోబెడతావే?"

"మంచం మీద. మేం కింద." భర్త నోరు తెరిచేలోగా అతని వైపు తిరిగింది. "మీరు కాస్త కాళ్లు ముడుచుకోవాలి, అంతే."

"మరి అంత మేడ ఎవరు ఊడుస్తారు?"

"నాలుగు గదులకు తాళం వేసేయండి."

అత్తగారికి నవ్వాలో కోప్పడాలో తోచలేదు. పాపను ఒళ్లోకి తీసుకుని, "చూద్దాంలే" అన్నారు.

ఆ చూద్దాం ఎన్నాళ్లు సాగుతుందో ఎవరికి తెలుసు? ఈలోగా మీరెప్పుడైనా అత్తగారి వీధిన వెళ్తే, మేడ తలుపు గంట కొట్టండి. ఒక్కసారి కొట్టేసి వెళ్లిపోకండి, పైన గదులు ఊడుస్తుంటే ఆ పెద్దకోడలికి వినిపించదు. హాల్లో వాళ్లు "బాగానే ఉంది" అంటారు. వాళ్లను కాదు, ఎలా ఉన్నావమ్మా అని ఆమెనే అడగండి.