చివరింటి దాకా దండోరా

శనగలు నానబెడదామని లూదియా బాన మీది తప్పెట తీసి గోడకు ఆనించింది. ఆమె ఆ ఇంటికి కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ తప్పెటది ఒకటే కొలువు, శనగల బానకు మూత. వాళ్ల నాయన ఓబయ్య ఊళ్లో దండోరా వేసిన తప్పెట అది. నంద్యాల ఆస్పత్రిలో అత్త జీవమ్మ కంటి ఆపరేషనుకు నెల దినాలు తోడుండి, ఆ పొద్దునే ఆమెను చేయి పట్టుకుని ఆళ్లగడ్డలో బస్సు దింపి, ఇల్లు చేరి ఇంకా కాళ్లు కూడా కడుక్కోలేదు లూదియా. అంతలోకే మొగుడికి ఆకలి గుర్తొచ్చింది. అన్నాళ్లూ హోటల్లో తిన్నాడట, పాపం!

"ముందు ఆ దరిద్రాన్ని అటక మీద పడెయ్. శుక్రవారం ఆఫీసరొస్తాడు. మనింటికి గూడా వస్తే ఏమనుకుంటాడు?" అన్నాడు రాజరత్నం. ఆయన మిషన్ బడిలో అయ్యవారు.

"మనింటికి ఆఫీసరెందుకొస్తాడు?"

రాజరత్నం చొక్కా గుండీలు పెట్టుకుంటూ, రేపు బడికి సెలవని చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. "చేను పోయింది లే. గవుర్మెంటోళ్లు తీసుకుంటాండారు. గోదాము కడ్తారంట. అందరి కోసం."

"పోయిందంటే? అదేమన్నా మేకపిల్లనా, తప్పిపోను?"

"దండోరా ఏసినారు. నెల దినాలు గడువిచ్చినారు. ఎవురూ అడ్డం చెప్పలా. నువ్వేమో ఊళ్లో లేకపోతివి. శుక్రవారంతో గడువు సరి. ఆళ్లగడ్డ బంగళా కాడ ఆఫీసరు కూర్చొని ఆఖరుసారి అడుగుతాడు. నువ్వు రావాల్సిన పని లేదు. అభ్యంతరం లేదని నీ బదులు నేను చెప్తా."

చేను లూదియాది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. దండోరా వేసే ఇంటికి జీతం లేదు, బత్తెం లేదు. చావు కబురు, సంత కబురు, పన్ను కబురు ఊరంతా చాటినందుకు పెద్దల నాడెప్పుడో ఇచ్చిన మాన్యం అది, ఎకరన్నర నల్లరేగడి. మాన్యాలు రద్దయినప్పుడు ఓబయ్యకు పట్టా వచ్చింది. ఒక్కతే కూతురు గనుక పోయే ముందు ఆయన దాన్ని లూదియాకు రాసిచ్చాడు. విత్తనం వేసేది ఆమె, కలుపు తీసేది ఆమె, కళ్లం దగ్గర కాపలా పడుకునేది ఆమె. రాజరత్నానికి ఆ చేనికి దారి తెలుసు, అంతే. పెళ్లయిన కొత్తలో ఈ తప్పెటను చూసి ఆయన ముఖం చిట్లించాడు. "దేవుని బిడ్డలకు ఇదేందీ? నేను నలుగురిలో తిరిగేవాణ్ణి" అన్నాడు. తప్పెట ఆయనకు సిగ్గు. తప్పెట సంపాదించిన చేలో పండిన శనగలు మాత్రం సిగ్గనిపించలేదు మహానుభావుడికి. గుగ్గిళ్లు చేస్తే రెండోసారి పెట్టించుకుని మరీ తినేవాడు.

శనగలు నీళ్లలో వేయకుండానే లూదియా లేచి చేని దగ్గరికి నడిచింది. నాలుగు మూలలా కొత్త రాళ్లు పాతి ఎర్ర రంగు పూశారు. ఆ రాళ్ల చుట్టూ పూతకొచ్చిన శనగ చెట్లు కాళ్ల కింద నలిగి మట్టిలో కలిసి ఉన్నాయి. ఆమెకు ఏడుపు రాలేదు. కడుపు మండింది. గట్టు మీద బర్రెను మేపుతున్న సంజీవయ్య ఆమెను చూసి అటు తిరిగాడు. ఓబయ్య తమ్ముడి కొడుకు అతను, లూదియాకు అన్న వరస. ఓబయ్య పోయాక ఊళ్లో దండోరా వేసేది అతనే.

"అన్నా! యాడికి జారుకుంటాండావ్? దండోరా యాడ ఏసినావు, చెప్పు."

సంజీవయ్య తలగుడ్డ విప్పి చేతిలో నలిపాడు. "మిల్లు గేటు కాడ, పాపా."

"మన వీధిలో?"

"ఏయలా. వద్దన్న్యారు."

"ఎవురు?"

"నా మీద కోపం చేసుకోవద్దు పాపా. మిల్లు ఓనరు జనార్దనం పక్కన మీ ఆయనే నిలబడి ఉన్న్యాడు. ఆడోళ్లకు ఇయన్నీ ఎందుకు, ఇంట్లో నేను చెప్పుకుంటాలే అన్న్యాడు. నాలుగు దెబ్బలేసి ఇంటికి పొయినా. నాకూ కడుపుంది గదా."

"గోదామనే చెప్పినావా?"

"అట్లనే చెప్పమన్న్యారు. అందరి కోసమని. రాళ్లు మాత్రం మిల్లు లారీలో వచ్చినాయి. పోయినేడు ఆస్పత్రి కడతామని బాలమ్మ చేను తీసుకోలా? ఆడ ఇప్పుడేముంది? మిల్లోళ్ల పత్తి బోరాలు."

సాయంత్రం రాజరత్నాన్ని నిలదీసింది. ఆయన మొదట కసిరాడు, తర్వాత బుజ్జగించాడు. జనార్దనం మాటంటే పైవాళ్ల దగ్గర చెల్లుతుందట. నంద్యాలలో హెడ్మాస్టరు ఉద్యోగం ఇప్పిస్తానన్నాడట. "కరెంటు ఇంట్లో ఉండొచ్చు. ఈ ఎండలో, ఈ మట్టిలో నీకు మాత్రం ఏం సుఖముంది? నేను చేసేదంతా మనందరి కోసమే గదా" అన్నాడు.

"అత్తకు కట్టు ఇప్పినాంక గూడా ఇంకో వారం ఆడనే ఉండమని కబురు చేస్తివే, అది ఎవురి కోసం?"

ఆయన దీపం వత్తి పెంచుతూ కూర్చున్నాడు.

అందరి కోసం. ఆ మాట ఆమెకు కొత్త కాదు. అమ్మ పెట్టిన వెండి కడియాలు ఆయన ట్రైనింగుకు పోయాయి, అప్పుడూ అందరి కోసమే. పెయ్యగా ఉన్నప్పటి నుంచి సాకిన బర్రెను ఆడబిడ్డ పెళ్లికి తోలుకుపోయారు. ఆమె చేని నుంచి వచ్చేసరికి కట్టుకొయ్య ఖాళీగా ఉంది. నంద్యాలలో నర్సు చదువుకు రమ్మని పిలుపొస్తే, ఇంట్లో అందరికీ వండేదెవరని అత్త అడిగింది, ఆ పిలుపూ పోయింది. ఒక్కసారన్నా ఎవరన్నా ముందుగా అడిగారా? తీసుకున్నాక చెప్పడమే! ఈ అందరిలో తాను ఎప్పుడూ లెక్కలో లేదని లూదియాకు ఇన్నాళ్లకు తట్టింది. తన దగ్గర తీసుకునేటప్పుడు మాత్రం అందరికీ ఆమె గుర్తొస్తుంది. గవుర్మెంటుకూ తన మొగుడికీ ఒకే అయ్యవారు చదువు చెప్పినట్టున్నాడని నవ్వుకుంది కూడా, మంటగానే. కడియాలు పోతే ఊరుకుంది, బర్రె పోతే ఊరుకుంది, చదువు పోతే మూలకు పోయి ఏడ్చింది. ఇంక ఊరుకోవడం తన వల్ల కాదనుకుంది.

చిన్నప్పుడు నాయన వెంట గడ్డి చుట్ట పట్టుకుని తిరిగేది. తోలు బిగిసేలా తప్పెట కాచుకోవడానికి ఆయనకు మంట కావాలి. పెద్దవీధిలో చాటి చాలించి ఇంటికి పోదామంటే వినేవాడు కాదు. "చివరింటి ఆడమనిషి పొయ్యి ముందర కూర్చొని ఉంటాది. ఆమెకు ఇనపడాల. అప్పుడే అది దండోరా" అనేవాడు. ఆ దెబ్బలన్నీ ఆమె చెవుల్లోనే ఉన్నాయి. ఆడపిల్ల తప్పెట ముట్టుకోగూడదన్నారు గనుక చేతికి మాత్రం ఎప్పుడూ రాలేదు.

శుక్రవారం రాజరత్నం ఇస్త్రీ చొక్కా వేసుకుని బంగళాకు పోయాక, లూదియా తప్పెటను పెరట్లోకి తెచ్చి జొన్నచొప్పకు నిప్పు పెట్టింది. కంటికి పచ్చగుడ్డ కట్టుకుని అరుగు మీద కూర్చున్న జీవమ్మ వాసన పట్టింది.

"ఏందే అది, తప్పెట కాస్తాండావా?"

"అవునత్తా. నువ్వేమన్నా అను, నేను ఇనను."

జీవమ్మ మంట చిటపటల వైపు చెవి తిప్పింది. ఆమె పుట్టిందీ తప్పెట ఉన్న ఇంట్లోనే. కొడుకు అయ్యవారైనప్పటి నుంచి ఆ మాట ఆమె నోట రాలేదు.

"చొప్ప మంట ఎక్కువైతాది. తోలు పగుల్తాది. గడ్డి ఎయ్యి" అంది.

లూదియా గడ్డి వేసింది. తోలు బిగుసుకుని, వేలితో కొడితే ఖంగుమంది. పైట నడుముకు దోపి, తప్పెట భుజానికి తగిలించుకుని, తన వీధిలో చివరింటి ముందర మొదటి దెబ్బ వేసింది. దెబ్బ పక్కకు జారింది. రెండో దెబ్బ కూడా సరిగ్గా పడలేదు. చర్చి ముందర నిలబడ్డ సంఘం పెద్దలు నోళ్లు తెరిచి చూశారు. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. అయినా నడక ఆపలేదు. ఆళ్లగడ్డ రోడ్డెక్కేసరికి చేతికి నాయన దెబ్బ చిక్కింది. కలుపు తీస్తున్న ఆడవాళ్లు చేలల్లోంచి లేచి వెంట నడిచారు, అందరికంటే ముందు బాలమ్మ.

"ఇనండహో! పెద్దలకూ పిల్లలకూ, ఆడోళ్లకూ మొగోళ్లకూ తెలియజేసేదేమనగా, ఓబయ్య కూతురు లూదియా తన చేను ఇయ్యదు! ఆస్పత్రి అని చెప్పి బాలమ్మ చేను తీసుకొని పత్తి బోరాలేసినారు! ఇప్పుడు గోదామని చెప్పి నా చేన్లో రాళ్లు పాతినారు! నన్ను అడగను గూడా అడగలా! ఇనండహో!"

బంగళా వసారాలో ఆఫీసరు కుర్చీలోంచి సగం లేచాడు. పక్కనున్న జనార్దనం ముఖం ముడుచుకున్నాడు. రాజరత్నం స్తంభం చాటుకు జరిగాడు.

"ఏమిటమ్మా ఈ గోల? ఎవరు నువ్వు?"

"అయ్యవారి భార్య సార్. ఆయన ఒప్పుకునే ఉన్న్యాడు" అన్నాడు జనార్దనం.

"చేను అయ్యవారిది కాదు సార్. నాది. నేను ఒప్పుకోలా."

"దండోరా వేయించాం కదమ్మా. అప్పుడే చెప్పాల్సింది."

"మా వీధికి రాలా సార్ మీ దండోరా. ఏసినాయన ఈడనే ఉన్న్యాడు, అడగండి."

అందరూ సంజీవయ్య వైపు తిరిగారు. అతను జనార్దనాన్ని చూశాడు. తర్వాత పెదనాయన తప్పెటను, దాన్ని పట్టుకున్న ఆడమనిషిని చూశాడు. "రాలేదు సార్. ఆ వీధిలో ఏయొద్దన్న్యారు. మిల్లు గేటు కాడ మాత్రమే ఏసినా" అన్నాడు.

జనార్దనం ఏదో అనబోయాడు. వెనకనున్న ఆడవాళ్లంతా ఒక్కసారే మాట్లాడడం మొదలుపెట్టారు, ఆయన గొంతు వినిపించలేదు. ఆఫీసరు విసుక్కుంటూనే కలం తీసి ఆమె అభ్యంతరం రాసుకున్నాడు. బాలమ్మ సంగతీ రాసుకున్నాడు.

"చేను వదిలేస్తారని నేను మాటివ్వలేనమ్మా. పైకి రాస్తాను. విచారణ మళ్లీ జరగాలి."

"జరగనీండి సార్. మళ్లీ వస్తా" అని లూదియా వేలిముద్ర వేయకుండా తన పేరు తానే రాసింది.

గేటు దగ్గర రాజరత్నం ఆమెను అందుకున్నాడు. "నలుగురిలో నా పరువు తీస్తివి గదే! ఒక్కమాట నాతో ముందుగా చెప్పింటే నీ సొమ్మేం పోయేది?"

లూదియా నిలబడింది. తప్పెటను ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంది.

"నేను ఊళ్లో లేనప్పుడు చూసి దండోరా ఏయిస్తివి నువ్వు. నేనట్ల చేయలా. నీకు ఇనపడేటట్టు ఏసినా."