రథమునకు వెనుకమోకు

చైత్రమాసాంతమున మధ్యాహ్నమార్తాండుని ప్రచండకిరణములచే కాగిన పెనమువలె నున్న కొండమిట్ట రాజవీథియందు మామిడాకుల తోరణములు వాడి వ్రేలుచుండ పానకపుబిందెల చుట్టు ఈగలు మూగుచుండ నలువదియడుగుల దారురథము దేవాలయద్వారమున గిరివలె నిశ్చలమై నిలిచియుండెను. ఆ వీథి యచ్చటినుండి నూఱడుగులు సమతలమై పిమ్మట సంతబయలు వఱకు వాలుగా దిగును. ఆ వాలే నాలుగు దినములుగా వెంగమాంబకు నిద్రాహారములు లేకుండ జేసెను.

ఆమె యేడవతరగతితో చదువు మానిన పిల్ల. చంకలో నేడాది బిడ్డ. పరుగిడు రథచక్రము క్రింద కొయ్యదిమ్మ నుంచి దాని వేగము నడచుట యామె మగడు మౌనాచారికి తాతలనాటి పని. గతసంవత్సరము వాలున దిగు రథము క్షణక్షణప్రవర్ధమానవేగమై దిమ్మను త్రొక్కి దాటి యతని పాదమున రెండువ్రేళ్లను హరించెను. వెనుక నొక మోకు కట్టి జనులు బిగబట్టిన నీ యాపద రాదని వెంగమాంబ మగనికి చెప్పగా నతడు నవ్వెను. పూజారికి చెప్పగా నాయన చెవులు మూసికొనెను. దేవుని వెనుకకు లాగుట యరిష్టమని యా యూరి తరతరముల నమ్మిక.

ఇక సహింపజాలక యామె బిడ్డయాడుకొను కొయ్యబండిని గైకొని మండపపు మెట్లప్రక్కనున్న రాతివాలు దిగువను మజ్జిగ సేవించుచున్న ధర్మకర్త చెంగల్రాయరెడ్డి యెదుట నిలిచెను.

“ఏమ్మే, మళ్లా వచ్చినావా? దేవుడు ముందుకే గానీ వెనక్కు పోడని ఎన్నిమార్లు చెప్పల్ల నీకు?”

“నేనూ అదే కదా పెద్దయ్యా మొత్తుకుంటా ఉండేది! చూడండి.”

ఆమె మెట్లెక్కి వాలుపై విడిచిన బండి మొదట మందగమనమున కదలి క్రమముగా వడిహెచ్చి తుదకు బాణమువలె వచ్చి రెడ్డిగారి మజ్జిగలోటాను తలక్రిందులు చేసెను. జనులు గొల్లుమనిరి. వెంగమాంబ నవ్వలేదు. బండివెనుక దారము గట్టి బిగబట్టి మరల విడిచెను.

“దారం ఎటు లాగతా ఉండా?”

“నీ పక్కకే.”

“బండి ఎటు వస్తా ఉంది?”

“నా పక్కకే... మెల్లంగా.”

“వెనక్కు లాగితే వెనక్కు రాదయ్యా, జోరు తగ్గతాది, అంతే! నా మొగునికి ఇంక ఎనిమిది వేళ్లే ఉండేది!”

పంచెమీది మజ్జిగను తుడుచుకొనుచు ధర్మకర్త మోకు తెమ్మని యాజ్ఞాపించెను.

అంతటితో నామె కష్టము తీరలేదు. దేవుని వెన్నుచూచుచు మోకు పట్టుట నామోషీ యని రథమును ముందు లాగు యువకులు మొండికేసిరి.

“వాలులో ముందుండి మీరు లాగేదేంది నాయనా? మీరు లాగకపోయినా అది వస్తాది. వచ్చి మిమ్మల్నే తొక్కతాది!” అని యామె యరచెను. వారు రథచక్రముల యెత్తు చూచిరి. ఒకరిముఖ మొకరు చూచుకొనిరి. రథమును వాలు మొదటికి లాగి తెచ్చినంతనే యందఱును వెనుకమోకు కడకు చేరిరి.

బిడ్డను పొరుగామె కిచ్చి వెంగమాంబయు మోకు పట్టెను. మేఘగంభీరధ్వనితో మహారథము గర్భిణీస్త్రీవలె నడుగు లెంచుచు దిగెను. మౌనాచారి దిమ్మను భుజముపై బెట్టుకొని ప్రక్కన నడచెను. సంతబయలున మోకు సడలినను రథము తోడనే నిలువక పదియడుగులు తనంతట సాగి పిదప నిలిచెను.

“మోకు మంచి యోచనే. నేను ఎప్పుడో అనుకుంటి” అనెను మౌనాచారి.

కదలినది తన్ను కదలించిన బలము తొలగినను కొంతదవ్వు కదలుచునే యుండును. వాలు ముగిసినను రథము నిలిచినను వెంగమాంబ కోపము మాత్రము వీథి యంతయు నడచి యింటి గుమ్మము వఱకు వచ్చెను. అచ్చట నతడు కాళ్లు కడుగుకొనుచుండ నామె మోకు ఒరసి యెఱ్ఱబడిన యఱచేత చెంబు పట్టి నీరు పోయుచు నతని పాదముల నెనిమిది వ్రేళ్లను లెక్కించెను.

అప్పుడా కోపము నిలిచెను.